పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ జెంట్రీ కుటుంబం జాడ తెగినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

నైట్, ఎస్క్వైర్, జెంటిల్‌మన్ వంటి హోదాలు ఉండి, ప్రభువుల సభలో మాత్రం స్థానం లేని భూస్వామ్య వర్గాన్ని ఇంగ్లండ్‌లో జెంట్రీ అంటారు. ఆస్తి ఉన్నచోట కాగితమూ ఉంటుంది కనుక వీరి గురించి ఆధారాలకు కొదవ లేదు. అయినా వెతికేవారు ఎక్కడో ఒకచోట ఆగిపోతూ ఉంటారు. వీలునామాను వంశవృక్షంగా చదవడమే దీనికి ప్రధాన కారణమని నా అభిప్రాయం. అప్పటికి పంపకం కాకుండా మిగిలిన ఆస్తి ఎవరికి చెందాలో చెప్పడానికి రాసిన పత్రమది. కుటుంబ సభ్యులందరి పేర్లూ చెప్పవలసిన బాధ్యత దానికి లేదు.

సమస్య: కుటుంబం నివసించిన కౌంటీ (జిల్లా వంటి విభాగం) సూచికలో వీలునామా కనిపించదు

కారణం చాలావరకు న్యాయస్థానాల పరిధిలోనే ఉంటుంది. 1858 జనవరి 12కు ముందు వీలునామాలను ధ్రువీకరించినవి చర్చి న్యాయస్థానాలు. మృతుడికి ఒకటి కంటే ఎక్కువ డయోసీసుల్లో (ఒక్కో బిషప్పు పరిధిలోని ప్రాంతాల్లో) 5 పౌండ్లకు మించిన ఆస్తి ఉంటే వ్యవహారం స్థానిక కోర్టును దాటి కాంటర్‌బరీ లేదా యార్క్ ఆర్చిబిషప్పుకు చెందిన పై కోర్టుకు, అంటే ప్రిరోగటివ్ కోర్టుకు వెళ్లేది. రెండు మూడు కౌంటీల్లో ఆస్తులున్న జెంట్రీ కుటుంబాలకు ఇది మామూలు సంగతి. పైగా 1653 నుంచి 1660 వరకు చర్చి కోర్టులు పనిచేయకపోవడంతో, ఇంగ్లండ్, వేల్స్ వీలునామాలన్నీ లండన్‌లోని ఒకే పౌర న్యాయస్థానానికి చేరాయి.

కనుక ముందుగా లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 అనే వరుసలో ఉన్న కాంటర్‌బరీ ప్రిరోగటివ్ కోర్టు రిజిస్టర్లను చూడాలి. ఉత్తరాది కుటుంబమైతే యార్క్‌లోని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్‌ను, ఆ తరువాతే కౌంటీ ఆర్కైవ్‌ను ఆశ్రయించాలి. మరణించిన సంవత్సరం దగ్గరే ఆగకుండా తరువాతి కొన్ని సంవత్సరాలు కూడా వెతకడం అవసరం, ఎందుకంటే ధ్రువీకరణ ఆలస్యంగా జరిగి ఉండవచ్చు. ఆ కాలపు సెక్రెటరీ లిపిలో సి అక్షరం నేటి ఆర్‌లా కనిపిస్తుంది, పెద్ద ఎఫ్‌కు బదులు రెండు చిన్న ఎఫ్‌లు రాస్తారు. అందువల్ల సూచిక తయారు చేసినవారే ఇంటిపేరును తప్పుగా చదివి ఉండే అవకాశం ఉంది. వీలునామా అసలే లేకపోతే, ఆస్తి నిర్వహణకు ఇచ్చిన అధికారపత్రాల కోసం ప్రాబ్ 6 వరుసను చూడాలి.

డెవన్ కౌంటీది వేరే కథ. 1942 మే నెలలో ఎక్సెటర్‌పై జరిగిన బాంబు దాడిలో అక్కడి ప్రొబేట్ రిజిస్ట్రీ (వీలునామాల ధ్రువీకరణ కార్యాలయం)లోని వీలునామాలు కాలిపోయాయి. అక్కడ కాంటర్‌బరీ రిజిస్టర్లు, అంతకుముందే పరిశోధకులు రాసి పెట్టుకొన్న సంగ్రహాలు తప్ప వేరే దారి తక్కువ.

సమస్య: తండ్రి వీలునామాలో పెద్ద కొడుకు పేరు లేదు, లేదా అతనికి ఒక ఉంగరం మాత్రమే దక్కింది

దీన్ని చూసి కొడుకు ముందే చనిపోయాడనో, తండ్రికి అతనిపై ఆగ్రహం కలిగిందనో తేల్చేయడం తొందరపాటు. సాధారణంగా భూమి జ్యేష్ఠుడికి వారసత్వం ద్వారానో, పెళ్లినాటి ఒప్పందం ద్వారానో ముందే ఖాయమై ఉంటుంది. వీలునామా చిన్న కొడుకుల భాగం, పెళ్లికాని కుమార్తెల కట్నం, భార్య జీవనం గురించి ఆలోచిస్తుంది. పెళ్లయిన కూతురి పేరు లేకపోవడానికి కూడా, ఆమె కట్నం అప్పటికే చెల్లిపోవడం తరచుగా కారణమవుతుంది. కెంట్ కౌంటీలో మరో మెలిక ఉంది. అక్కడి గావెల్‌కైండ్ ఆచారం ప్రకారం, వీలునామా లేకపోతే భూమి కొడుకులందరికీ సమంగా వెళ్తుంది. అయితే కొన్ని పెద్ద కుటుంబాలు పార్లమెంటు చట్టాల ద్వారా తమ భూములను ఆ ఆచారం నుంచి తప్పించుకొన్నాయి.

పరిష్కారం వీలునామా బయటే దొరుకుతుంది. రాజు నుంచి నేరుగా భూమి పొందిన వ్యక్తి మరణిస్తే జరిగే అధికారిక విచారణ పత్రాలు 1640ల ఆరంభం వరకు లభిస్తాయి. అవి వారసుడి పేరును, వయసును స్పష్టంగా చెబుతాయి. లండన్‌లోని న్యాయవిద్యా సంస్థల ప్రవేశ రిజిస్టర్లు విద్యార్థిని ‘ఫలానావారి జ్యేష్ఠ కుమారుడు’ అనో, ‘మూడో కుమారుడు’ అనో నమోదు చేస్తాయి. అన్నిటికంటే విలువైనవి చాన్సరీ కోర్టు దావాలని నేనంటాను, ఎందుకంటే ఆస్తి కోసం కొట్లాడుకొన్న బంధువులు తమ హక్కును నిరూపించుకోవడానికి తాతల నాటి సంగతులన్నీ ఏకరువు పెడతారు, సాక్షులు తమ వయసు, నివాసం కూడా చెబుతారు.

సమస్య: వీలునామాలోని బంధుత్వాలు పొసగవు

ఆ కాలంలో ‘సన్ ఇన్ లా’ అంటే అల్లుడే కాదు, భార్యకు మొదటి భర్త వల్ల కలిగిన కొడుకు కూడా కావచ్చు. ‘కజిన్’ అన్న మాటను అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలకూ వాడేవారు. అందువల్ల ఒక్క పత్రంతో బంధుత్వాన్ని ఖాయం చేయకుండా, వితంతువుల, పెళ్లికాని మేనత్తల వీలునామాలను పక్కన పెట్టుకొని చదవాలి. పిల్లలు లేని మేనత్తే మేనల్లుళ్లందరి పేర్లూ ఓపికగా రాస్తుంది. భర్త బతికి ఉన్న స్త్రీ అతని అనుమతి లేకుండా వీలునామా రాయడానికి వీలుండేది కాదు కనుక, అలాంటివి అరుదు.

సమస్య: రాసిన తేదీ కంటే ధ్రువీకరణ తేదీ ముందుంది

ఇంగ్లండ్‌లో 1752కు ముందు అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1642 నవంబరులో రాసిన వీలునామా ‘1642 ఫిబ్రవరి’లో ధ్రువీకరణ పొందితే, అది మన లెక్కలో 1643 ఫిబ్రవరి. ఇలాంటి తేదీలను 1642/43 అని రాసుకొంటే చిక్కు తీరుతుంది. రెండో చార్లెస్ పాలనా సంవత్సరాలను, ఆయన సింహాసనానికి తిరిగి వచ్చిన 1660 నుంచి కాక, తండ్రికి మరణశిక్ష అమలైన 1649 జనవరి 30 నుంచి లెక్కిస్తారని కూడా గుర్తుంచుకోవాలి.

సమస్య: 1642 తరువాత పారిష్ రిజిస్టర్ ఖాళీ

రాజుకు, పార్లమెంటుకు మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలంలో చాలా పారిష్‌ల్లో (స్థానిక చర్చి పరిధుల్లో) బాప్తిస్మాల, పెళ్లిళ్ల, ఖననాల నమోదు ఆగిపోయింది. 1653 చట్టం వివాహాలను చర్చి నుంచి మేజిస్ట్రేట్ల చేతికి మార్చింది. ఈ ఖాళీని పూరించడానికి 18 ఏళ్లు దాటిన పురుషుల చేత 1641-42లో ప్రమాణం చేయించిన జాబితాలు, రాజపక్షీయులు జరిమానా కట్టి ఆస్తులు విడిపించుకొన్న కమిటీ పత్రాలు, 1662 నుంచి 1689 వరకు వసూలైన పొయ్యి పన్ను లెక్కలు పనికివస్తాయి. ఒకే ఇంటివారు రెండు పక్షాల్లోనూ ఉండవచ్చు: బకింగ్‌హామ్‌షైర్‌కు చెందిన సర్ ఎడ్మండ్ వెర్నీ 1642 అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ యుద్ధంలో రాజు పతాకం మోస్తూ మరణించగా, ఆయన కుమారుడు రాల్ఫ్ పార్లమెంటు పక్షం వహించాడు.

సమస్య: చిన్న కొడుకు ఇంగ్లండ్ రికార్డుల్లో మాయమవుతాడు

భూమి దక్కని కొడుకులు వ్యాపారంలోకి, న్యాయవృత్తిలోకి, చర్చిలోకి వెళ్లేవారు. కొందరు ఈస్టిండియా కంపెనీలో చేరారు. కెంట్‌లోని ఈస్ట్ లాంగ్డన్‌కు చెందిన స్ట్రెయిన్‌షమ్ మాస్టర్ 1656లో మేనమామ జార్జ్ ఆక్సెండెన్ వెంట సూరత్‌కు బయలుదేరాడు; 1676లో మచిలీపట్నం కోఠీని (కంపెనీ వ్యాపార కేంద్రాన్ని) తనిఖీ చేశాడు; 1678 నుంచి 1681 వరకు మద్రాసు ఏజెంటుగా (అక్కడి కంపెనీ అధిపతిగా) ఉన్నాడు. ఇక్కడ దారి చూపింది తల్లి పుట్టిల్లు. కాబట్టి ఇంటిపేరు దగ్గరే ఆగకుండా మేనమామల కుటుంబాన్నీ వెతకాలి. ఆ తరువాత బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో కోఠీల పత్రాలను, కంపెనీ సమావేశాల నమోదులను చూడాలి. విదేశంలో మరణించి ఇంగ్లండ్‌లో ఆస్తి మిగిల్చినవారి వీలునామాలు కూడా కాంటర్‌బరీ కోర్టుకే చేరేవి కనుక, మచిలీపట్నంలో కన్నుమూసిన గుమాస్తా అక్కచెల్లెళ్ల పేర్ల కోసం మళ్లీ ప్రాబ్ 11నే తెరవాలి.