డ్రాఫ్ట్ ఏడాదికి ముందు: జూనియర్ ఐస్ హాకీలోకి వెళ్తున్న పిల్లలు, తల్లిదండ్రులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆగస్టు నెలాఖరుకల్లా కెనడా, అమెరికాల్లో జూనియర్ హాకీ జట్ల ట్రైనింగ్ క్యాంపులు మొదలవుతాయి. సెప్టెంబర్ చివరి నుంచి మార్చి దాకా ఇక మ్యాచ్‌లే మ్యాచ్‌లు. ఒంటారియో, వెస్టర్న్ లీగుల్లో ఒక్కో జట్టుకు 68, క్యుబెక్ లీగ్‌లో 64. ప్లేఆఫ్స్ వేరే. 16, 17 ఏళ్ల కుర్రాడు 19, 20 ఏళ్లవాళ్లను ఢీకొంటూ ఇన్ని నెలలు నిలబడాలి. అది డ్రాఫ్ట్ ఏడాది (ప్రొఫెషనల్ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ఏడాది) కూడా అయితే ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు.

ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లు, మొత్తం 224 పేర్లు. వాటిలో తన పేరు ఉండాలన్న ఆశతో కుర్రాడు చేసే అత్యంత ప్రమాదకరమైన పని నొప్పిని దాచడం. తల తిరుగుతున్నా చెప్పడు, గజ్జ పట్టేసినా చెప్పడు, డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరైనా అవమానించినా చెప్పడు. పైన స్కౌట్ (జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాడు) కూర్చున్నాడు, ఈ ఒక్క మ్యాచ్ గడిస్తే చాలనుకుంటాడు. అందుకే దెబ్బలు తగలకుండా చూసుకోవడం ఎంత ముఖ్యమో, తగిలినప్పుడు వెంటనే చెప్పగలిగేలా ముందే ఏర్పాట్లు చేసుకోవడం అంతకన్నా ముఖ్యం.

తల విషయంలో రాజీ వద్దు

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపల మెదడు కుదుపుకు గురికాకుండా ఆపలేదు. ఎంత ఖరీదైనది కొన్నా కంకషన్ (మెదడు కుదుపు వల్ల కలిగే గాయం) రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మౌత్‌గార్డ్ పళ్ల కోసం తప్పకుండా పెట్టుకోవాలి, కానీ అది కూడా కంకషన్‌కు విరుగుడు కాదు.

స్పృహ తప్పితేనే కంకషన్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చాలా కేసుల్లో స్పృహ తప్పదు. షిఫ్ట్ (ఐస్ మీద ఒక విడత ఆట) అయ్యాక అవతలి జట్టు బెంచి వైపు వెళ్లబోవడం, స్కోరెంత అంటే తడుముకుని చెప్పడం, అడిగిందే మళ్లీ అడగడం, లైట్లు చూడలేక కళ్లు చిట్లించడం, ఊరికే చిరాకు పడటం, మామూలుగా కలుపుగోలుగా ఉండేవాడు మూలన కూర్చోవడం. వీటిలో ఒక్కటి కనబడినా ఆ రోజుకు ఆట ఆపేయాలి. అనుమానం ఉన్నా ఆపేయాలి.

మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అరుదే, కానీ అలా జరిగేది ఎక్కువగా ఈ వయసు వాళ్లకే. ఒటావాలో 17 ఏళ్ల రగ్బీ క్రీడాకారిణి రోవన్ స్ట్రింగర్ 2013లో ఇలాగే చనిపోయింది. కొద్ది రోజుల తేడాలో ఆమె తలకు వరుసగా దెబ్బలు తగిలాయి. తనకు కంకషన్ అయిందేమోనని స్నేహితులకు మెసేజ్‌లు పెట్టింది, ఆట మాత్రం ఆపలేదు. ఆ తర్వాతే ఒంటారియో 2018లో రోవన్ పేరుతో చట్టం తెచ్చింది. మీ పిల్లలకు ఈ సంగతి ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. భయపెట్టడానికి కాదు, స్నేహితుడి నుంచి అలాంటి మెసేజ్ వస్తే పెద్దవాళ్లకు చెప్పాలని తెలియడానికి.

సీజన్‌కు ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. తల మామూలుగా ఉన్నప్పుడు జ్ఞాపకశక్తి, స్పందన వేగం ఎంతో రాసి పెట్టుకునే బేస్‌లైన్ పరీక్ష చాలా జట్లు చేయిస్తాయి. అందులో కావాలని తక్కువ స్కోరు తెచ్చుకుంటే, రేపు దెబ్బ తగిలినా తేడా తెలియదని కొందరు కుర్రాళ్లు తెలివి చూపిస్తారు. అది తమ ప్రాణంతో ఆడుకోవడమే, ఆ మాట వాళ్లకు ముఖాన్నే చెప్పాలి. రెండోది, గాయాలు చూసుకునే జట్టు ట్రైనర్ ఎవరో క్యాంపు మొదటి రోజే పరిచయం చేసుకోవాలి. దెబ్బ గురించి ముందు చెప్పాల్సింది ఆయనకే, కోచ్‌కు కాదు. ఇంట్లో వాళ్లు కూడా ఒక మాట ఇవ్వాలి: నొప్పి అని చెప్పినందుకు నిన్ను ఎప్పుడూ తప్పుపట్టం, ఏ స్కౌట్ వచ్చిన రోజైనా సరే.

దెబ్బ తగిలాక మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, స్క్రీన్ తక్కువ. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టడం పాత పద్ధతి, ఇప్పుడు డాక్టర్లు అలా చెప్పడం లేదు. ఆ తర్వాత నడక, వ్యాయామ సైకిల్, ఒంటరిగా స్కేటింగ్, ఢీకొనడం లేని ప్రాక్టీస్, ఇలా మెట్టు మెట్టుగా. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. లక్షణాలు పెరిగితే ఒక మెట్టు కిందికి. చదువు మామూలైపోయాక, డాక్టర్ రాసిచ్చాకే చెకింగ్ (ఒంటితో ఢీకొట్టడం) ఉన్న ప్రాక్టీస్.

ప్రొఫెషనల్ లీగ్ ఆశతో ఆడుతున్న అమ్మాయిలకూ ఇదంతా వర్తిస్తుంది. చెకింగ్ తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. కాలేజీ మహిళల హాకీలోనూ కంకషన్లు బాగానే కనబడుతున్నాయి.

బోర్డుల దగ్గర

రింక్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు బోర్డుకు (రింక్ చుట్టూ ఉండే గోడకు) మీటరు, మీటరున్నర దూరం. బోర్డును ఆనుకుని ఉంటే ఢీ తాకిడిని బోర్డు కొంత పంచుకుంటుంది. బాగా దూరంగా ఉంటే నిలదొక్కుకోవడానికి చోటుంటుంది. ఈ మధ్య దూరంలో వెనక నుంచి తోస్తే మాత్రం తలే ముందు వెళ్లి తగులుతుంది. అందుకే పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) కోసం బోర్డుకు ఎదురుగా నేరుగా పోకూడదు. ఏటవాలుగా వెళ్లాలి, చేరే లోపు కనీసం రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడాలి.

పడిపోతున్నామని తెలియగానే ఎవరైనా తల దించేస్తారు. మెడ విరిగేది సరిగ్గా అక్కడే. మామూలుగా మెడకు సహజమైన వంపు ఉంటుంది, తాకిడిని కొంత ఆ వంపే తీసుకుంటుంది. గడ్డం ఛాతీ వైపు దించగానే ఆ వంపు పోయి మెడ ఎముకలు ఒకదాని మీద ఒకటి తిన్నగా నిలుస్తాయి. ఆ స్థితిలో నడినెత్తి బోర్డుకు తగిలితే వెనక నుంచి వచ్చే ఒంటి బరువంతా ఆ ఎముకల మీదే పడుతుంది. వెన్నుపాము దెబ్బతిని జీవితాంతం కుర్చీకి పరిమితమయ్యే గాయాలు ఇలాగే అవుతాయి. తల ఎత్తి ఉంచి చేతులు, ముంజేతులు, భుజం, తుంటి, వీటిలో ఏదో ఒకటి ముందు తగిలేలా ఒళ్లు తిప్పుకోవాలి. అమెరికా హాకీ సంఘం ఎన్నో ఏళ్లుగా పిల్లలకు నేర్పిస్తున్నదీ ఇదే, తల ఎత్తు, దించకు అని. చదివితే వచ్చేది కాదు. నెమ్మదిగా స్కేట్ చేస్తూ బోర్డు దగ్గర అలవాటయ్యేదాకా సాధన చేయాలి. పెద్దవాళ్ల చెకింగ్ ఉన్న లీగ్‌లోకి వెళ్లేముందు కనీసం వారానికోసారి దీనికి టైమ్ కేటాయించమని కోచ్‌ను అడగండి.

ఇక ఢీకొట్టే వాడి వైపు నుంచి. అవతలివాడి వీపు మీద నంబర్ కనబడితే ఆ ఢీ మానుకోవాలి. దానివల్ల పక్ పోయినా పరవాలేదు.

2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ జరుగుతుండగా స్కేట్ బ్లేడు మెడకు తగిలి ఆడమ్ జాన్సన్ చనిపోయాడు. అతను ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లి ఆడినవాడు. ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన టోర్నీలన్నిటిలో నెక్ గార్డ్ తప్పనిసరి చేసింది. అమెరికాలో 2024 ఆగస్టు నుంచి పిల్లల హాకీలో తప్పనిసరి. మీ లీగ్‌లో రూలు ఉన్నా లేకపోయినా పెట్టుకోవాల్సిందే. ప్రాక్టీస్‌లో కూడా. మణికట్టుకు, చీలమండ వెనక స్నాయువుకు కోత తగలకుండా ఆపే స్లీవ్‌లు, సాక్సులు దొరుకుతాయి, అవీ తీసుకోండి. అయితే నెక్ గార్డ్ కోతను ఆపుతుంది గానీ మెడ ఎముకను కాపాడదు. బోర్డు దగ్గర జాగ్రత్త అలాగే ఉండాలి.

గజ్జలు, తుంటి

స్కేటింగ్‌లో కాలు పక్కకు తోసే ప్రతిసారీ, దాన్ని తిరిగి లోపలికి లాగేది తొడ లోపలి కండరాలే. 2001లో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, తొడ లోపలి కండరాల బలం బయటి కండరాల బలంలో 80 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లకు గజ్జ పట్టేయడం ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. ఫిజియో దగ్గర చిన్న పరికరంతో ఈ బలం కొలవచ్చు, క్యాంపుకు రెండు నెలల ముందే కొలిపించుకోవడం మంచిది.

తక్కువ ఉంటే పెంచే వ్యాయామం ఒకటుంది. పక్కకు తిరిగి మోచేతి మీద ఆనుకుని, పై కాలి మోకాలును బెంచి మీద పెట్టి, నడుము పైకెత్తి, కింది కాలును పై కాలు దగ్గరకు తేవాలి. అలవాటయ్యాక మోకాలు బదులు చీలమండ బెంచి మీద పెట్టవచ్చు. మొదటి వారం తొడలు బాగా నొప్పెడతాయి కాబట్టి క్యాంపు ముందు వారంలో మొదలుపెట్టకండి.

గోలీలకు (గోల్‌కీపర్లకు) ఇంకో మాట. మోకాళ్లు లోపలికి తిప్పి కూలబడే బటర్‌ఫ్లై భంగిమ తుంటి కీలుకు బాగా భారం. గజ్జ లోతుల్లో నొప్పి, కూర్చుని లేచేటప్పుడు పట్టేసినట్టు ఉండటం నాలుగు వారాలైనా తగ్గకపోతే స్ట్రెచింగ్‌తో నెట్టుకురావద్దు, డాక్టర్‌కు చూపించండి. వేసవిలో కొన్ని వారాలు స్కేట్లు పక్కన పెట్టి వేరే ఆట ఆడితే వెనకబడిపోతారన్నది ఉత్త భయం.

కొత్త స్కేట్లు క్యాంపుకు నెల ముందే వాడి పాదానికి అలవాటు చేసుకోవాలి. బ్లేడు సాన పట్టే లోతు చివరి వారంలో మార్చకూడదు. తడి సామాను బ్యాగులోనే వదిలేస్తే చర్మానికి ఇన్ఫెక్షన్లు వస్తాయి. నీళ్ల సీసా ఎవరిది వాళ్లదే. 2014లో ఎన్‌హెచ్‌ఎల్ జట్లలో గవదబిళ్లలు ఎంతమందికి పాకాయో చూశాం. టీకాలు పూర్తయ్యాయో లేదో కూడా ఓసారి చూసుకోండి. నిద్ర 8 నుంచి 10 గంటలు. కండ పెంచే పొడులు, ఎనర్జీ పొడులు స్నేహితుడు ఇచ్చాడని తీసుకోవద్దు. డోపింగ్ రూల్స్ ప్రకారం ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే, తెలియక తిన్నానంటే చెల్లదు.

ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు

జూనియర్ ఆటగాళ్లు ఎక్కువమంది వేరే ఊళ్లో బిల్లెట్ కుటుంబాల (ఆటగాళ్లను తమ ఇంట్లో ఉంచుకునే స్థానిక కుటుంబాల) ఇళ్లలో ఉంటారు. ముందుగా వెళ్లి వాళ్లతో కలిసి భోజనం చేయండి, గది చూడండి, ఇంట్లో ఎవరెవరు ఉంటారో తెలుసుకోండి. వారంలో ఒక రోజు వీడియో కాల్ ఖాయం చేసుకోండి, అందులో మొదటి పది నిమిషాలు హాకీ మాటెత్తకండి. గోల్స్ ఎన్ని, ఎంతసేపు ఆడించారు అనే ప్రశ్నలతో మొదలుపెడితే కుర్రాడు మిగతాదేదీ చెప్పడు.

కొత్తవాళ్లను ఏడిపించడం జట్టు సంప్రదాయమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బట్టలు విప్పించడం, బలవంతంగా తాగించడం నేరాలు. రంగు మీద, జాతి మీద మాట అంటే అది మైదానంలో అయినా సరే వెంటనే రిఫరీకి, కోచ్‌కు చెప్పాలి, తేదీ, మాట రాసి పెట్టుకోవాలి. జూనియర్ రోజుల్లో తన కోచ్ తనపై చేసిన లైంగిక అత్యాచారాల గురించి షెల్డన్ కెనడీ బయటపెట్టాక 1997లో ఆ కోచ్‌కు జైలు శిక్ష పడింది. కెనడీ అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు, అయినా చెప్పడానికి అన్నేళ్లు పట్టింది. ఏ పెద్దమనిషీ పిల్లవాడితో తలుపు మూసిన గదిలో, కారులో, హోటల్లో ఒంటరిగా ఉండకూడదన్న నియమం మీ జట్టులో పాటిస్తున్నారా అని నేరుగా అడగండి. అడిగినందుకు ఎవరైనా నొచ్చుకుంటే ఆ జట్టు గురించి మళ్లీ ఆలోచించండి.

ఫోన్ గురించి కూడా. చిన్నప్పుడు చేసింది తర్వాతైనా బయటపడుతుంది. 2020లో ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టు, డ్రాఫ్ట్ చేసిన కుర్రాడు చిన్నప్పుడు తోటి కుర్రాడిని వేధించిన సంగతి జనంలోకి రావడంతో కొన్ని వారాల్లోనే అతన్ని తీసుకునే హక్కులు వదులుకుంది. ఎవరి అంతరంగిక ఫోటో అయినా వాళ్ల అనుమతి లేకుండా పంపడం నేరమని పిల్లలకు ఇప్పుడే చెప్పండి.

సంతకాలు, చదువు

మేజర్ జూనియర్‌లో (పైన చెప్పిన ఒంటారియో, వెస్టర్న్, క్యుబెక్ లీగుల్లో) ఆడితే అమెరికా కాలేజీ హాకీ దారి మూసుకుపోయే రోజులు 2025 ఆగస్టు 1తో పోయాయి. అంతకుముందు విన్న సలహాలు చాలావరకు ఇప్పుడు పనికిరావు. అయినా కాలేజీ అర్హతకు 16 కోర్ సబ్జెక్టులు కావాలి, అందులో 10 హైస్కూల్ చివరి ఏడాదికి ముందే పూర్తవ్వాలి. బస్సుల్లో తిరుగుతూ ఆన్‌లైన్‌లో చదివిన కోర్సు లెక్కలోకి వస్తుందో రాదో చేరకముందే కనుక్కోండి. జూనియర్ జట్టు ఇచ్చే స్కాలర్‌షిప్ ఎన్నాళ్లలోగా వాడుకోవాలి, ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకుంటే, మధ్యలో వేరే జట్టుకు మారిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి. ఏజెంట్ లేదా అడ్వైజర్‌కు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ల సంఘం గుర్తింపు ఉందో లేదో చూడండి. టోర్నమెంట్ రాత్రి హోటల్ లాబీలో దేనిమీదా సంతకం పెట్టవద్దు.

డ్రాఫ్ట్‌కు వచ్చే కుర్రాళ్లకు ర్యాంకులిచ్చే ఎన్‌హెచ్‌ఎల్ సెంట్రల్ స్కౌటింగ్ జాబితా జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి వస్తుంది. ఆ రోజుల్లో కుర్రాడి ఫోన్ మోగుతూనే ఉంటుంది, లేదా అస్సలు మోగదు. రెండూ కష్టమే. పావెల్ డాట్సుక్‌ను 1998లో 171వ స్థానంలో, హెన్రిక్ లుండ్‌క్విస్ట్‌ను 2000లో 205వ స్థానంలో తీసుకున్నారు. మార్టిన్ సెయింట్ లూయీని ఎవరూ తీసుకోనే లేదు. ముగ్గురూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. 17 ఏళ్లకు ఎదుగుదల ఆలస్యమైన ఒంటిని చూసి ఎవరూ తుది తీర్పు చెప్పలేరు. వరుసగా రెండు వారాలు తిండి, నిద్ర తగ్గినా, స్నేహితులకు దూరంగా ఉంటున్నా కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళ్లండి, సీజన్ అయ్యాక చూద్దామనుకోకండి.

చివరిగా బస్సు. 2018 ఏప్రిల్ 6న సస్కచెవాన్‌లో హంబోల్ట్ బ్రాంకోస్ జూనియర్ జట్టు బస్సు, దారికి అడ్డొచ్చిన ట్రక్కును ఢీకొని 16 మంది చనిపోయారు. 2020 సెప్టెంబర్ నుంచి కెనడాలో కొత్తగా తయారయ్యే హైవే బస్సులకు సీటు బెల్టులు తప్పనిసరి అయ్యాయి. మీ జట్టు బస్సులో బెల్టులు ఉన్నాయో లేదో క్యాంపులోనే అడగండి. ఉంటే రాత్రి నిద్రలో కూడా తీయకూడదు, నడిచే దారిలో పడుకోకూడదు. హెల్త్ కార్డు, మందుల అలర్జీలు, పాత గాయాల వివరం, మైనర్ అయితే వైద్యానికి అనుమతి ఇస్తూ మీరు సంతకం చేసిన లేఖ, ఇద్దరు దగ్గరివాళ్ల ఫోన్ నంబర్లు ఒక్క కవర్లో పెట్టండి. దాని కాపీలు బిల్లెట్ ఇంట్లో, ట్రైనర్ దగ్గర, కుర్రాడి కిట్ బ్యాగులో ఉండాలి. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ వివరాలు మరోసారి సరిచూడండి.