'రన్' అనే మాటకు సరైన అర్థం పట్టుకోవడం ఎలా?

బట్టలు ఉతికే యంత్రంతో వచ్చిన సూచనల కాగితంలో ఒకసారి ఈ వాక్యం చదివాను: "కొత్త బట్టలను విడిగా ఉతకండి, రంగులు పరుగెత్తవచ్చు." బట్టకు రంగు దిగుతుందని ఆ రాసినవారికి తెలియదా? తెలుసు. ఇంగ్లీషులో 'రన్' కనబడగానే చేయి దానంతట అదే 'పరుగెత్తు' అని రాసేసింది. ఏళ్ల తరబడి అనువాదాలు దిద్దుతున్నాను. ఈ ఒక్క మాట దగ్గర జరిగినన్ని పొరపాట్లు మరెక్కడా చూడలేదు.

కావలసినవి: ఉదాహరణ వాక్యాలున్న ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు, నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను వాడకండి. మొదట రాసుకున్న అర్థాన్ని చెరపక తప్పదు.

మొదటి మెట్టు: వాక్యాన్ని చివరిదాకా చదవండి. దాని ముందు వాక్యాన్నీ, తర్వాతి వాక్యాన్నీ కూడా చదవండి.

రెండో మెట్టు: ఆ మాట క్రియో, నామవాచకమో తేల్చుకోండి. నామవాచకమైతే, క్రికెట్‌లో అది పరుగు. నాటకానికి అయితే వరుస ప్రదర్శనలు. బ్యాంకుకు అయితే, ఖాతాదారులంతా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారిగా ఎగబడటం.

మూడో మెట్టు: క్రియ అయితే, ఆ పని చేసేది ఎవరో చూడండి. నది అయితే పారుతుంది, ముక్కు అయితే కారుతుంది, సినిమా అయితే ఆడుతుంది. ఇంకో విషయం గమనించండి. ఇంగ్లీషు పరుగెత్తే చాలా చోట్ల తెలుగు నడుస్తుంది. బస్సులు నడుస్తాయి, గడియారం నడుస్తుంది, దుకాణం నడుస్తుంది. దుకాణాన్ని నడిపే మనిషి ఉంటే 'నడుపుతాడు'. ఎన్నికల సంగతి మరీ బాగుంటుంది: అమెరికావారు పదవి కోసం 'రన్' అంటారు, బ్రిటన్‌లో 'స్టాండ్' అంటారు. మనమూ 'ఎన్నికల్లో నిలబడ్డాడు' అనే అంటాం.

అర్థాలన్నీ బట్టీ పడితే సరిపోదా అని అడుగుతుంటారు. సరిపోదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో ముద్రణలో అత్యధిక అర్థాలున్న మాట 'సెట్', దానికి 430. తర్వాతి సవరణలో 'రన్' దాన్ని దాటేసింది. ఒక్క క్రియగానే 645 అర్థాలు తేలాయి. వాటిని తేల్చడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. మిల్లు, రైలు, ఇంజను, చివరికి కంప్యూటర్ ప్రోగ్రాం, అన్నీ ఈ క్రియతోనే పని కానిస్తున్నాయి. ఇన్ని అర్థాలను జాబితాగా గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వాక్యాన్ని పట్టుకుంటే అర్థం అదే దొరుకుతుంది.

నాలుగో మెట్టు: క్రియ వెంట వచ్చే చిన్నమాట. ఇక్కడ నిదానించండి. ఔట్, ఓవర్, డౌన్, ఇంటు వంటివి 'రన్' పక్కన చేరితే, రెండూ కలిసి మరో కొత్త మాట అవుతాయి. విడదీసి అర్థం చెప్పుకున్నారా, చెడినట్టే.

అలాగని జంటకు ఒకే అర్థం ఉంటుందనుకోకండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 'రన్ ఇంటు' తర్వాత స్నేహితుడు వస్తే అనుకోకుండా ఎదురుపడటం. చెట్టు వస్తే గుద్దుకోవడం. కష్టం వస్తే చిక్కుల్లో పడటం. లక్షలు వస్తే ఖర్చు అంత దాకా చేరడం. క్రియ అదే, చిన్నమాట అదే. మారినదల్లా తర్వాతి నామవాచకం. కాబట్టి ఆ నామవాచకం కింద పెన్సిలుతో గీత గీయండి. గీయకుండా ముందుకు వెళ్లకూడదు.

'రన్ డౌన్' మరీ ప్రమాదం. బ్యాటరీ విషయంలో ఛార్జింగ్ తగ్గిపోవడం, మనిషి ఒంటి విషయంలో నీరసం, భవనం విషయంలో పాడుబడటం. ఒకరు మరొకరిని అలా చేశారంటే తక్కువ చేసి మాట్లాడారని కావచ్చు, వాహనంతో గుద్దారని కూడా కావచ్చు. మాటతో చేసిన గాయమా, బండితో చేసిన గాయమా అన్నది చుట్టుపక్కల వాక్యాలే చెప్పాలి. మొదటి మెట్టు వదిలేసినవారు ఇక్కడ దొరికిపోతారు.

'రన్ ఔట్' అయింది లైసెన్సు అయితే గడువు తీరింది. ఓపిక అయితే నశించింది. ఇంట్లో సరుకులైతే నిండుకున్నాయి. అయిపోయాయని అనడం ఇష్టం లేక పెద్దలు వాడిన ఆ మాట ఎంత అందమైనదో చూడండి. అది చేతిలో ఉండగా 'సరుకులు ఖాళీ అయ్యాయి' అని రాస్తే నేను కొట్టేస్తాను.

ఐదో మెట్టు: ఇంగ్లీషు వాక్యాన్ని కాగితంతో మూసి, మీ తెలుగు వాక్యాన్ని పైకి చదవండి. "మధుమేహం మా కుటుంబంలో పరుగెత్తుతుంది" అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. "మా ఇంట్లో మధుమేహం వంశపారంపర్యంగా ఉంది" అంటారు. నాలుక తడబడితే మూడో మెట్టుకు వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. తడబడకపోతే ఆ వాక్యాన్ని పూర్తిగా, ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన, నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఒంటరి మాటను మాత్రం రాసుకోకండి.