ఎడిట్ చేసినప్పుడు నిండుగా ఉన్న రంగులు ఫోన్‌లో వెలిసిపోతే: సమస్య - పరిష్కారం

ఫోటోషాప్‌లో పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర నిండుగా కనిపిస్తుంది. అదే ఫోటోను సేవ్ చేసి ఫోన్‌కు పంపితే ఎరుపు మసకబారుతుంది, మామిడి తోరణాల ఆకుపచ్చ పసుపువైపు జరుగుతుంది, ముఖాల్లో కళ తగ్గుతుంది. ఇది చూడగానే చాలామంది శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతారు. దయచేసి పెంచకండి. అసలు కారణం అలాగే ఉండిపోతుంది, పైగా ప్రొఫైల్‌ను, అంటే ఫైల్‌తో పాటు వెళ్లే రంగుల సమాచారాన్ని, సరిగా చదివే తెరలపై ముఖాలు కందగడ్డల్లా ఎర్రబడతాయి.

ముందుగా, ఎప్పుడూ అందరూ దాటవేసే పరీక్ష చేయండి. కంప్యూటర్‌లో నైట్ లైట్, ఫోన్‌లో కళ్ల రక్షణ మోడ్ ఆపివేసి, అదే ఫైల్‌ను మరో రెండు తెరలపై చూడండి. ఎడిటర్‌తో సహా అన్నిచోట్లా ఒకే రంగు ఛాయ కమ్ముకుని ఉంటే అది వైట్ బ్యాలెన్స్ లోపం, అంటే తెలుపు తెలుపుగా నమోదు కాలేదు. మన ఫంక్షన్ హాళ్లలో పసుపు అలంకరణ దీపాలూ వీడియో వారి తెల్లని ఎల్‌ఈడీ లైట్లూ కలిసిపోతాయి కనుక ఇది సహజమే. వరుడి తెల్ల పంచె మీద, వెలుతురుకు పూర్తిగా తెల్లబడిపోని చోట, వైట్ బ్యాలెన్స్ ఐడ్రాపర్‌తో (తెలుపు ఏదో చూపించే పరికరం) క్లిక్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఎడిటర్‌లో బాగుండి, బయట మాత్రమే వెలిసిపోతుంటే ప్రొఫైల్‌ను అనుమానించండి. ఫోటో ఫైల్‌లో ఉండేవి రంగులు కావు, అంకెలు. వాటిని ఏ ప్రమాణంతో చదవాలో ప్రొఫైల్ చెబుతుంది. హైదరాబాద్‌లో గజాల్లో రాసిన ప్లాటు విస్తీర్ణాన్ని ఎవరైనా చదరపు అడుగులుగా చదివితే ఏమవుతుందో, ప్రొఫైల్ ఊడిపోయిన ఫోటోకూ అదే అవుతుంది. ఫోన్లు, వెబ్ సాధారణంగా వాడే ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీ. అందులో 255, 0, 0గా (వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) రాసే ఎరుపును, అంతకంటే విశాలమైన ప్రమాణం అడోబ్ ఆర్‌జీబీలో సుమారు 219, 0, 0గా రాస్తారు. 0, 255, 0గా రాసే ఆకుపచ్చ అక్కడ సుమారు 144, 255, 60 అవుతుంది. ఫోటోను కుదించేటప్పుడు ఏదైనా యాప్ ప్రొఫైల్‌ను తీసేస్తే, ఫోన్ ఆ 219ని ఎస్‌ఆర్‌జీబీ అంకెగానే చదువుతుంది కాబట్టి చీర మసకబారుతుంది. మరింత విశాలమైన ప్రోఫోటో ఆర్‌జీబీలో ఉన్న ఫైల్ అయితే ఇంకా ఎక్కువగా పాలిపోతుంది.

దీనిని కెమెరా మెమరీ కార్డులోనే పసిగట్టవచ్చు. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ ఎంచుకుని ఉంటే ఫైల్ పేరు అండర్‌స్కోర్‌తో మొదలవుతుంది. జేపెగ్ మాత్రమే తీసేవారు కెమెరాలోనే ఎస్‌ఆర్‌జీబీకి మార్చుకోవడం మంచిది. రా ఫైళ్ల (కెమెరా ప్రాసెస్ చేయని ముడి ఫైళ్లు) రంగులపై ఆ సెట్టింగ్ ప్రభావం ఉండదు.

పరిష్కారానికి ఫోటోషాప్ ఎడిట్ మెనూలో రెండు ఆదేశాలు పక్కపక్కనే ఉంటాయి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. అసైన్ ప్రొఫైల్ అంకెలను అలాగే ఉంచి కనిపించే రంగును మారుస్తుంది. కన్వర్ట్ టు ప్రొఫైల్ కనిపించే రంగును నిలుపుతూ అంకెలను మారుస్తుంది. ప్రొఫైల్ ఉన్న ఫైల్‌కు కన్వర్ట్ మాత్రమే వాడాలి. ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, సేవ్ చేసేటప్పుడు ఐసీసీ ప్రొఫైల్ గడిలో టిక్ ఉంచండి. ఎక్స్‌పోర్ట్ యాజ్ వాడితే ఎస్‌ఆర్‌జీబీకి మార్చే గడి, ప్రొఫైల్ జతచేసే గడి రెండింటినీ ఎంచుకోండి. మీ చేతికి వచ్చిన ఫైల్‌కు అప్పటికే ప్రొఫైల్ ఊడిపోయి, కింది పట్టీలో అన్‌ట్యాగ్డ్ అని కనిపిస్తే, ముందు అడోబ్ ఆర్‌జీబీని అసైన్ చేసి చూడండి. రంగులు యథాస్థానానికి వస్తే, ఆ తర్వాతే ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయండి.

ఆల్బమ్‌కు పంపే ముందు ఏ ప్రొఫైల్ కావాలో ల్యాబ్‌నే అడగండి. వారు కోరకుండా సీఎంవైకేకి (ముద్రణ సిరాల రంగు పద్ధతి) మార్చకండి. కంట్రోల్, వై పొరపాటున నొక్కడంతో ప్రూఫ్ కలర్స్ (ముద్రణలో ఎలా ఉంటుందో తెరపై చూపే సౌకర్యం) ఆన్ అయి ఉండటం, మానిటర్ ప్రొఫైల్ పాడవడం వంటివి అరుదు. మొదటిదాన్ని మళ్లీ అదే నొక్కి ఆపవచ్చు, రెండోదానికి మానిటర్‌ను తిరిగి క్యాలిబ్రేట్ చేస్తే, అంటే దాని రంగులను సరిచూసి సర్దితే, సరిపోతుంది.