గ్వాదలహారాలో పొద్దున్నే ఫోండాకి వెళ్తున్నారా? ముందు మాంతేకా సంగతి అడగండి

ఉద్యోగం మీద మెక్సికోలోని గ్వాదలహారా వెళ్తే వీసా కాగితాలు, రూము, సిమ్ము ఆఫీసువాళ్ళు చూసుకుంటారు. మనవాళ్ళు బోల్తా పడేది వీధి చివరి ఫోండాలో, పొద్దుటి టిఫిన్ దగ్గర. ఫోండా అంటే మన మెస్సు లాంటిదే: నాలుగైదు బల్లలు, పొయ్యి దగ్గర ఒక పెద్దావిడ, గోడ మీద మెనూ. "మాంసం వద్దు" అని ఒక్క ముక్క చెప్పేసి, పళ్ళెంలో పక్కన వచ్చిన బీన్స్ ముద్దను పప్పే కదా అని టోర్టియాతో (అక్కడి పల్చటి రొట్టె) తుడిచి మరీ తినేస్తారు. ఆ ముద్ద అంత నున్నగా మెరిసేది చాలాచోట్ల పందికొవ్వు వల్లే.

దాని పేరు మాంతేకా. ఈ ఒక్క మాట రాకుండా గడప దాటకండి. మాంతేకియా అంటే వెన్న, మాంతేకా అంటే పందికొవ్వు. అర్జెంటీనాలో మాంతేకా అంటే వెన్నే కాబట్టి నిఘంటువు చూసి ధైర్యపడొద్దు. ఆ బీన్స్ ముద్ద, అంటే ఫ్రిహోలెస్ రెఫ్రీతోస్, చేసేటప్పుడు మూకుట్లో ముందు పడేది ఈ కొవ్వే. అందులో ఉల్లిపాయ వేగాక ఉడికిన బీన్స్, ఆ ఉడికిన నీళ్ళు కొంచెం పోసి, మూకుడు వదిలేదాకా మెదుపుతారు. మాంసం ముక్క కంటికి కనపడదు. అందుకే సూటిగా అడగాలి: "లోస్ ఫ్రిహోలెస్ యేవాన్ మాంతేకా?" (బీన్స్‌లో మాంతేకా ఉందా?) "సీ" (అవును) అంటే "సిన్ ఫ్రిహోలెస్, పోర్ ఫవోర్" అనండి, బీన్స్ పెట్టరు.

"కార్నే (మాంసం) వద్దు" అంటే సరిపోదు, బాబూ! చాలామంది లెక్కలో కార్నే అంటే ఎర్ర మాంసమే. కోడి, హామ్ అందులోకి రావు. "నో కోమో కార్నే, నీ పోయో, నీ పుయెర్కో, నీ హమోన్" (మాంసం, కోడి, పంది, హామ్ ఏదీ తినను) అని మొత్తం అప్పజెప్పండి. గొడ్డు మాంసం మాత్రమే మానేవాళ్ళు దాని పేరు "రెస్" అని గుర్తుపెట్టుకోండి. శనాదివారాల్లో పొద్దున్నే ఉడికే మెనుదో ఆవు పొట్టపేగుల పులుసు. మెనూ అనుకుని తల ఊపకండి. గుడ్లతో కలిపి వేయించే మచాకా కూడా ఎండబెట్టిన గొడ్డు మాంసమే.

ఇక చిలాకీలెస్. నిన్నటి టోర్టియాలను ముక్కలుగా కోసి కరకరలాడేలా వేయించి, వడ్డించే ముందు వేడి సాల్సాలో (మిరపకాయల పచ్చడి లాంటిది) దొర్లించి, పైన క్రేమా (మీగడ), చిదిమిన చీజు, ఉల్లిపాయ వేస్తారు. రాగానే తినాలి. ఫోన్ చూస్తూ కూర్చుంటే సాంబారులో మరిచిపోయిన అప్పడమే. ఆ సాల్సాను కోడి మాంసం మరిగించిన నీళ్ళతోనో, కోడి పొడితోనో పలచన చేయడం మామూలే. "లా సాల్సా యేవా కాల్దో దే పోయో?" అని ఇదీ అడగండి. ఆకుపచ్చది కారం తక్కువనే నమ్మకం ఎక్కడిదో గానీ, బల్ల మీది ఆకుపచ్చ సాల్సా ఎర్రదానికి తాత కావచ్చు. "క్వాల్ పీకా మేనోస్?" అంటే ఏది తక్కువ కారమో చూపిస్తారు.

తమాలె చూడటానికి ఆకులో పొట్లం కట్టిన కుడుము. చీజు, మిరపకాయ పెట్టినదైనా, తియ్యదైనా, పిండినే మాంతేకాతో గిలక్కొట్టి ఉండొచ్చు. మొయెతె అంటే రొట్టె మీద బీన్స్, చీజు, కాబట్టి మళ్ళీ అదే ప్రశ్న. టోర్టియా దగ్గర "దె మయీస్" అనండి: మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బి కాల్చేది, కొవ్వు అక్కర్లేదు. గోధుమపిండివాటిలో కలుపుతుంటారు.

బిల్లు అడగందే తేరు, తొందరపెట్టినట్టవుతుందని. "లా క్వెంతా" అనండి. పది శాతం టిప్పు, చిల్లర పెసోలు దగ్గరుంచుకోండి. మధ్యాహ్నం భోజనం మొదలైతే టిఫిన్ కట్టేస్తారు.

సరే, ఇదంతా చదివి రూములో ఓట్స్ నానబెట్టుకు కూర్చోకండి. బీన్స్ నూనెతో చేసే ఫోండాలూ ఉన్నాయి, అడిగితే విసుక్కోరు. గుడ్డు తినేవాళ్ళకి వెవోస్ అ లా మెహికానా ఉంది: టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిరపతో అచ్చం మన గుడ్డు పొరటే. తిననివాళ్ళకి నోపాలెస్ పెట్టిన కెసాదియా (చీజు పెట్టి మడిచి కాల్చిన టోర్టియా) ఉంది. నోపాల్ అంటే నాగజెముడు మట్ట, బెండకాయంత జిగురు, బాగా వేగితే పోతుంది. ఒకే ఫోండాకి వరసగా పది రోజులు వెళ్ళండి. మీరు నోరు తెరవకముందే ఆ పెద్దావిడ "సిన్ ఫ్రిహోలెస్, వెర్దాద్?" (బీన్స్ లేకుండా, కదా?) అనేస్తుంది.