ఎర్త్ బాండ్ పరీక్ష, 4వ పాఠం: ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు?

ఎర్త్ బాండ్ పరీక్ష అంటే పరికరం లోహపు బాడీకీ ఎర్త్‌కూ మధ్య కలయిక ఎంత గట్టిగా ఉందో కరెంటు పంపి కొలవడం. పోయిన పాఠంలో ‘ఎర్త్ నిరోధం 0.1 ఓమ్ దాటకూడదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. పొరపాటు నాదే. దాన్ని పట్టుకుని చాలామంది ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఎర్త్ పిన్ను మీద ఒక ప్రోబు, అడుగు పలక మీద ఇంకో ప్రోబు పెట్టి కొలిచారు. 0.112 వచ్చిందని మంచి సరుకును ఫెయిల్ చేశారు. ఇంకొందరు మల్టీమీటరు బీప్ అంది కాబట్టి పాసే అన్నారు. లీకేజీ కరెంటు పాఠాన్ని వచ్చేసారికి జరుపుతున్నాను. ఇది సరిచేయకుండా ముందుకు పోలేను.

ముందు ఆ 0.112 ఓమ్, అంటే 112 మిల్లీఓమ్‌ల సంగతి. ఇస్త్రీపెట్టెకు 0.75 చదరపు మి.మీ. కార్డు, 2 మీటర్లు అనుకుందాం. ఆ సైజు రాగి తీగకు మీటరుకు దాదాపు 26 మిల్లీఓమ్‌లు. అంటే కార్డే 52 తినేసింది. పెట్టెకు మిగిలింది 60. గృహోపకరణాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-1, దాన్ని అనుసరించే మన ఐఎస్ 302-1, టైప్ టెస్టులో (డిజైన్‌ను ఆమోదించడానికి నమూనా మీద చేసే పరీక్షలో) కార్డు నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవు. 60 అంటే 0.1 ఓమ్ లోపే, హాయిగా పాస్. అదే ఫ్యాక్టరీ లైన్ చివర ప్రతి పీసుకూ చేసే రొటీన్ టెస్టులో కరెంటు కనీసం 10 ఆంపియర్లు చాలు. అక్కడ కార్డుతో కలిపి పిన్ను నుంచే కొలుస్తారు, అందుకే 0.2 దాకా ఒప్పుకుంటారు. వస్తువు ఒకటే, సంఖ్యలు రెండు, రెండూ సరైనవే.

వైద్య పరికరాల ఐఈసీ 60601-1 దారి వేరు. కార్డు ఊడదీయలేనిదైతే ప్లగ్గు పిన్ను నుంచి 200 మిల్లీఓమ్‌లు. కార్డు ఊడేదైతే పరికరం వెనక ఇన్‌లెట్ (కార్డు గుచ్చే సాకెట్) ఎర్త్ పిన్ను నుంచి 100. ‘మెడికల్ అంటే 0.1’ అని కంఠతా పట్టినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పరికరం వెనక్కి తిప్పి కార్డు ఊడుతుందో లేదో చూడటానికి ఎంతసేపు పడుతుంది? మీటరు ముట్టకముందే పరీక్ష షీటులో ‘ఇక్కడి నుంచి ఇక్కడికి’ అని రాయండి. నా దగ్గరికి ఆ గడి ఖాళీగా వచ్చిన షీటు ఎప్పుడూ వెనక్కే పోతుంది.

కరెంటు, సమయం సంగతి క్లుప్తంగా. 60335 టైప్ టెస్టులో, 60601లో 25 ఆంపియర్లు, లేదా రేటెడ్ కరెంటుకు (పరికరం మామూలుగా లాగే కరెంటుకు) ఒకటిన్నర రెట్లు, ఏది ఎక్కువైతే అది. 60601లో 5 నుంచి 10 సెకన్లు. ల్యాబ్ పరికరాల 61010-1లో ప్లగ్గు ఉన్నవాటికి 25 ఆంపియర్లు లేదా రేటెడ్ కరెంటుకు రెండు రెట్లు, ఏది ఎక్కువైతే అది, నిమిషం పాటు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4.3 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 25తోనే పరీక్షించాలి. నేనైతే ఓమ్‌ల కంటే వోల్టులే చూస్తాను: 25 ఆంపియర్ల దగ్గర 2.5 వోల్టులు దాటితే 0.1 దాటినట్టే.

మరి 25 ఎందుకు, మల్టీమీటరు చాలదా? నేను మొదట చేరిన ఫ్యాక్టరీలో ఒక ఎర్త్ తీగ విప్పి చూశాను. లోపలి 24 పోగుల్లో ఒక్కటే లగ్గు (తీగ చివర నొక్కి బిగించే లోహపు ముక్క) కిందికి వెళ్లింది, మిగతావి క్రింపింగులో తెగి పక్కకు విరిగి ఉన్నాయి. 0.2 మి.మీ. మందం పోగు, సెంటీమీటరు పొడవు. దాని నిరోధం దాదాపు 6 మిల్లీఓమ్‌లు! మల్టీమీటరే కాదు, ఏ లిమిట్ అయినా దాన్ని పాస్ చేస్తుంది. 25 ఆంపియర్లు పంపగానే సన్నని పొగ, ఆ పోగు కరిగిపోయింది. ఇంట్లో బాడీకి ఫేజ్ తగిలిన రోజున కరిగేదీ అదే.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) మీద ప్రోబు పెట్టకండి, లగ్గు కింద స్టార్ వాషర్ (పళ్ల వాషర్) ఉందో లేదో చూడండి. నాలుగు వైర్ల ప్రోబు (లీడ్ల నిరోధం కలవకుండా కొలిచేది) లేకపోతే లీడ్లు కలిపి మీటరును జీరో చేయండి. హైపాట్‌కు (ఎక్కువ వోల్టేజీతో చేసే ఇన్సులేషన్ పరీక్షకు) ముందే ఈ పరీక్ష చేయాలి, తర్వాత కాదు.

అభ్యాసం: ఊడదీయలేని కార్డు ఉన్న యంత్రం, కార్డు 1.5 చదరపు మి.మీ., 3 మీటర్లు, మీటరుకు 13.3 మిల్లీఓమ్‌లు. పిన్ను నుంచి బాడీకి 0.148 ఓమ్ వచ్చింది. 60601 ప్రకారం ఒకసారి, 60335 టైప్ టెస్టు ప్రకారం ఒకసారి తీర్పు రాయండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత కరెంటు, అన్నీ షీటులో ఉండాలి. రెండు తీర్పులూ ఒకటే వస్తే రెండో పేరా నుంచి మళ్లీ చదవండి.