హైబ్రిడ్ సైకిల్ మీద దూరాభారం

రోడ్డు సైకిల్, మౌంటెన్ సైకిల్ లక్షణాలు కలిపి చేసిన హైబ్రిడ్ సైకిళ్లలో చాలావరకు ఊళ్లో తిరగడానికి చేసినవే. అలాంటిదానికి 15 కిలోల సామాను కట్టి రోజుకు 80 కి.మీ. తొక్కితే ముందుగా మొరాయించేది వెనక చక్రం. మనిషి బరువులో సగానికి పైగా, సామాను దాదాపు మొత్తం పడేది దాని మీదే. కాబట్టి షాపులో రంగు, స్టిక్కర్లు చూసే ముందు వంగి ఆ చక్రాన్ని చూడండి.

చువ్వలు లెక్కపెట్టండి. 32 ఉండాలి, 36 ఉంటే ఇంకా మేలు. జంటజంటగా పిడికిట్లో నొక్కి చూస్తే వదులుగా ఉన్నవి చేతికే తెలిసిపోతాయి. వదులు చువ్వ ప్రతి చుట్టుకూ సాగుతూ, సడలుతూ చివరికి చక్రం మధ్యలోని హబ్బు దగ్గరి వంపులో తెగుతుంది. కొత్త సైకిలైనా సరే, బయల్దేరే ముందు బెండు తీయించి బిగువు సమం చేయించండి. తర్వాత హబ్బు గురించి అడగండి. చవకవాటిలో వెనక గేరు పళ్ల చక్రాలన్నీ హబ్బుకు స్క్రూలా బిగించే ఫ్రీవీలు ఉంటుంది. అందులో కుడివైపు బేరింగు ఇరుసు చివరికి దూరంగా, లోపలికి ఉంటుంది కాబట్టి బరువుకు ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది కూడా. పళ్ల చక్రాలు (క్యాసెట్) గాళ్లలోకి జారే క్యాసెట్ హబ్బులో ఆ బేరింగు చివరికి దగ్గరగా ఉంటుంది. కాస్త ఎక్కువ ధరైనా ఇదే తీసుకోండి.

ముందు షాకులున్న ఫోర్కు వద్దు. బరువు, ఎక్కుడులో ఊగుడు తప్ప తారురోడ్డు మీద దానితో ఒరిగేదేమీ లేదు. 38 మి.మీ. టైరే కుదుపులు చాలావరకు మింగేస్తుంది. సామానుతో వెనక 60, ముందు 50 పీఎస్ఐ గాలితో మొదలుపెట్టి మీ బరువును బట్టి సర్దుకోండి. టైరు అంచు మీద రాసిన గరిష్ఠం మాత్రం దాటకండి.

గేర్ల సంఖ్య కాదు, అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలికో చూడాలి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కి.మీ. ఆ దారిలోని అనంతగిరి ఘాట్‌లో సామానుతో ఎక్కాలంటే పెడల్ దగ్గరి చిన్న చక్రానికి 28, వెనక అన్నిటికన్నా పెద్దదానికి 34 పళ్లు కావాలి. అప్పుడు తొక్కుడు ఒక చుట్టుకు సైకిల్ దాదాపు 1.8 మీటర్లు కదులుతుంది. ముందు ఒకే 42 పళ్ల చక్రం ఉంటే అదే 2.7 మీటర్లు, అంటే మోకాళ్లకు శిక్ష. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టి ఉంచకండి. రెండూ గట్టిగా పట్టి వేగం తగ్గించి వదలండి, మళ్లీ పట్టండి.

క్యారియర్ కనీసం 25 కిలోలు మోసేదై ఉండాలి. ఫ్రేముకు దాని బోల్టుల రంధ్రాలు కింద, పైన రెండుచోట్లా ఉన్నాయో లేదో కొనకముందే చూడండి. డిస్కు బ్రేకైతే డిస్కును పట్టే క్యాలిపర్‌కు తగలని రకం అడగాలి. బోల్టులకు అవి వదులవకుండా పట్టే జిగురు (త్రెడ్‌లాకర్) ఒక చుక్క వేసి, 50 కి.మీ. తర్వాత మళ్లీ బిగించండి. క్యారియర్లు విరగడం కన్నా బోల్టులు రాలిపోవడమే ఎక్కువ. సంచులు తగిలించాక పెడల్ వెనక్కి తిప్పండి. మడమ తగిలితే సంచి కొంచెం వెనక్కి జరపండి, కానీ ఇరుసు దాటి మరీ వెనక్కి పోతే తోక ఊగుతుంది. బరువైనవి అడుగున, రెండు వైపులా సమంగా పెట్టాలి. హ్యాండిల్ సంచిలో 2 కిలోలకు మించొద్దు.

వెంట తీసుకెళ్లే పనిముట్లు, విడిభాగాల్లో అందరూ మరిచేది గేర్ హ్యాంగర్, అంటే వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క. సైకిల్ కుడివైపు పడితే వంగేది అదే, మోడల్‌ను బట్టి ఆకారం మారుతుంది కాబట్టి దారిలో దొరకదు. దాంతోపాటు రెండు ట్యూబులు, ప్యాచీలు, చైను తీసే పనిముట్టు, తెగిన చైను కలిపే లింకు, అలెన్ కీలు, గేరు కేబుల్ ఒకటి, క్యారియర్‌కు M5 (5 మి.మీ.) బోల్టులు నాలుగు, వెనక చక్రానికి చైను వైపు కొలత చువ్వలు మూడు పెట్టుకోండి. ఆ వైపు చువ్వ మార్చాలంటే ముందు క్యాసెట్ ఊడదీయాలి కనుక ఆ పనిముట్టు కూడా ఉండాలి.

ట్యూబు వాల్వు సంగతి చిన్నదే కానీ ఏడిపిస్తుంది. మోటార్‌సైకిల్ రకం వాల్వైతే ఏ టైర్ల షాపులోనైనా గాలి పడుతుంది. సన్నటి ప్రెస్టా వాల్వైతే అడాప్టర్ లేనిదే పని జరగదు, రెండు కొని ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. హైవే అంచున పేలిన లారీ టైర్ల సన్నటి ఇనుప తీగలు పడుంటాయి. పంక్చర్ వేశాక టైరు లోపలంతా గుడ్డతో తడమండి. తీగ ముక్క అక్కడే మిగిలితే కొత్త ట్యూబు కూడా కాసేపట్లోనే పోతుంది.