ఒంటిచేత్తో వీఆర్ హెడ్‌సెట్: చెయ్యి మాట వినకపోతే ఎక్కడ చూడాలి

పక్షవాతం వచ్చాక మా నాన్నగారికి కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. అమెరికాలో ఉన్న అన్నయ్య ఒక వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు తగిలించుకుంటే చుట్టూ మరో లోకం చూపించే పరికరం) పంపాడు. దాన్ని నడిపే రెండు కంట్రోలర్లు (చేతిలో పట్టుకునే మీటలు) పట్టుకోవడం కుదరదు కాబట్టి అంతా ఎడమచేతి వేళ్ల సైగలతోనే నడవాలి. మొదటి వారంలోనే "నా వల్ల కాదురా" అని నాలుగుసార్లు తీసి పక్కన పెట్టేశారు. తీరా చూస్తే ఆయన సైగ చక్కగానే చేస్తున్నారు, వేళ్లను గమనించే హెడ్‌సెట్ కెమెరాకే అది కనబడటం లేదు.

అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ఈ పని చెయ్యండి. హెడ్‌సెట్ తీసేసి, మీ నుదుటి దగ్గర ఎవరినైనా ఫోన్ పట్టుకోమని, మీ సైగను వీడియో తీయించండి. హెడ్‌సెట్ కెమెరాలు చూసేది ఇంచుమించు అదే కోణం. సగం సమస్యలు ఆ వీడియోలోనే దొరికిపోతాయి.

వేళ్లు కలిపినా నొక్కినట్టు తీసుకోవడం లేదు

నాన్నగారి వీడియోలో కనబడింది మెటికలు, మణికట్టు, చొక్కా కఫ్. బొటనవేలు, చూపుడువేలు కలిసే చోటు చేతి వెనక దాగిపోయింది. కెమెరాకి కనబడని వేళ్లు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాల్సిందే, ఆ ఊహ తరచుగా తప్పుతుంది.

మణికట్టును కొంచెం పక్కకు తిప్పి, ఆ రెండు వేళ్ల మధ్య సందు మీ కళ్లకు కనబడేలా పెట్టండి. చిటికెడు ఉప్పు తీసుకున్నట్టు కలపండి, తర్వాత బాగా విడదీయండి. చాలామంది ఈ విడదీయడం దగ్గరే ఆగిపోతారు. వేళ్లు బాగా దూరం జరగకపోతే ఇంకా పట్టుకునే ఉన్నారని హెడ్‌సెట్ అనుకోవచ్చు. పొడుగు చేతుల చొక్కా అయితే మోచేతి దాకా మడవండి. గ్లవ్స్ ఉంటే తీసెయ్యండి.

ఏమీ చెయ్యకుండానే క్లిక్ అవుతోంది

ఇది మమ్మల్ని రెండు రోజులు తిప్పలు పెట్టింది. ఎడమచెయ్యి కదపకుండా కూర్చున్నా తెర మీది కిటికీలు (విండోలు) తెరుచుకుంటున్నాయి. చివరికి చూస్తే, ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి! బిగుసుకుపోయి ముడుచుకున్న ఆ వేళ్లలో బొటనవేలు చూపుడువేలిని తాకుతూ ఉంది. కెమెరాకి అదీ సైగే. ఆ చేతి మీద తువ్వాలు కప్పాం, ఆగిపోయింది. పక్కన కూర్చుని సాయం చేసేవాళ్లు కూడా తమ చేతులు ఆయన ముందుకు చాపకుండా ఉండాలి.

పట్టుకుందామంటే మెనూ వస్తోంది

అరచెయ్యి మీ ముఖం వైపు తిరిగి ఉంది. మెటా కంపెనీ హెడ్‌సెట్ అయిన క్వెస్ట్‌లో అరచేతిని తన వైపు తిప్పుకుని వేళ్లు కలిపితే మెనూ తెరవమని అర్థం. యాపిల్ హెడ్‌సెట్ విజన్ ప్రోలో కూడా, దాని సాఫ్ట్‌వేర్ విజన్‌ఓఎస్ 2 నుంచి, అరచేతిని చూస్తూ వేళ్లు కలిపితే హోమ్ తెరుచుకుంటుంది. వస్తువు పట్టుకునేటప్పుడు అరచెయ్యి పక్కకో ముందుకో ఉండాలి.

సరిగ్గా నొక్కే క్షణంలో గురి తప్పుతోంది

చేతి నుంచి వచ్చే గీతతో గురిపెట్టే హెడ్‌సెట్లలో ఇది మామూలే. వేళ్లు కలిపేటప్పుడు చెయ్యి కాస్త కదులుతుంది. దగ్గర్లో కనబడని ఆ కదలిక దూరంలో జానెడు అవుతుంది. చూపుడువేలిని కదపకుండా బొటనవేలినే దాని దగ్గరికి తీసుకెళ్లండి. కిటికీని దగ్గరికి లాక్కుని పెద్దది చేసుకోండి. అందేంత దగ్గరగా ఉంటే క్వెస్ట్‌లో వేలితో నేరుగా తాకొచ్చు కూడా.

అన్నిటికంటే ముఖ్యం మోచేతికి ఆసరా. గాల్లో చాపిన చెయ్యి కొద్దిసేపటికే బరువెక్కి వణుకుతుంది, ఉన్న ఒక్క చెయ్యీ అలిసిపోతే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. నాన్నగారి కుర్చీ చేతి మీద రెండు దిండ్లు పెట్టాం. చెయ్యి ఛాతీ ఎత్తులో, కెమెరా చూపులో ఉంటుంది, భుజానికి శ్రమ ఉండదు. పది నిమిషాలకోసారి కిందికి దించమని నేనే గుర్తు చేస్తాను.

విజన్ ప్రో సంగతి వేరు. అక్కడ గురిపెట్టేది కన్ను, చెయ్యి ఒళ్లోనే ఉండొచ్చు. అక్కడ గురి తప్పితే, వేళ్లు కలిసేలోపే మీ చూపు తర్వాతి దాని మీదికి దూకుతోందేమో గమనించండి. ఒక కంటి చూపే సరిగ్గా ఉంటే, ఆ కంటినే వాడుకునే ఏర్పాటు సెట్టింగుల్లోని యాక్సెసిబిలిటీలో ఉంది.

పగలు బాగుంది, సాయంత్రం తెర మీది చేతి బొమ్మ వణుకుతోంది, మాయమవుతోంది

వెలుతురు చాలడం లేదు, లేదా లైటు మినుకుతోంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అమెరికాది 60. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు మన దగ్గర సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. అమెరికా నుంచి తెప్పించుకున్న క్వెస్ట్ అయితే సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ (కెమెరాను లైట్ల మినుకుకు సరిపెట్టేది) ఆటోలో గానీ 50లో గానీ ఉందో లేదో చూడండి. వెలుతురు చాలదని గది కిటికీలోంచి ఎండ నేరుగా పడేలా మాత్రం పెట్టొద్దు. లెన్సుల మీద ఎండ పడితే లోపలి స్క్రీన్ పాడవుతుంది.

ఈ పనికి రెండు చేతులూ అడుగుతోంది

కొన్నింటికి దారి ఉంది. రెండు చేతులతో సాగదీయడానికి బదులు తెర మీది కిటికీ మూల పట్టుకుని లాగండి, టైపింగ్‌కు బదులు మైకులో చెప్పండి. మైక్రోసాఫ్ట్ హెడ్‌సెట్ హోలోలెన్స్ 2లో మెనూ తెరవాలంటే ఒక చేతి మణికట్టు మీది గుర్తును రెండో చేతి వేలితో తాకాలి. రెండో చెయ్యి లేనివాళ్లు ఆ గుర్తునే చూస్తూ అదే చేతి వేళ్లు కలిపితే చాలు. ఇలాంటి ఏర్పాటు ప్రతి యాప్‌లోనూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. లేని చోట, ఏ మెట్టు దగ్గర రెండో చెయ్యి అడిగిందో రాసుకుని, వీడియోతో సహా ఆ యాప్ తయారుచేసినవాళ్లకు పంపండి. "ఒంటిచేత్తో రావడం లేదు" అని రాస్తే వాళ్లకు అర్థం కాదు. "బొమ్మను తిప్పడానికి రెండో చెయ్యి అడుగుతోంది" అని రాయండి.